ముందు కాలువ, నూరేళ్లకు డ్రెయిను

కృష్ణా డెల్టాలో పంట కాలువ వయసు వేరు, మురుగు కాలువ వయసు వేరు. బెజవాడ దగ్గర ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య కృష్ణకు అడ్డంగా ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసింది. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించినవాడు కెప్టెన్ చార్లెస్ ఓర్. ఆ వెంటే కాలువలు, లాకులు, తూములు, పొలం గట్టు దాకా బోదెలు వచ్చాయి. చేలోకి వచ్చిన నీరు చేలోంచి ఎటు పోవాలన్న ప్రశ్నకు మాత్రం అంతటి శ్రద్ధ దక్కలేదు. పొట్ట మీదున్న వరి రోజుల తరబడి ముంపులో కుళ్లిపోవడం తరతరాలుగా చూశాక, 1960లలో మిత్రా కమిటీ డ్రెయిన్ల సంగతి పరిశీలించింది. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పారుదల పనుల కోసం ప్రత్యేకంగా డ్రెయినేజీ సెస్సు చట్టం 1968లో వచ్చింది. ఆనకట్ట పూర్తయిన 113 ఏళ్లకు! ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. కాలువ తవ్వితే పంట వస్తుంది, శిస్తు వస్తుంది, తవ్వించినవాడికి పేరు వస్తుంది. డ్రెయిను తవ్వితే రావలసిన నష్టం రాకుండా ఆగుతుంది, అంతే. రాని నష్టాన్ని ఏ ఖాతాలోనూ ఎవరూ జమ రాయరు.

ఇప్పుడు ప్రపంచం తవ్వుతున్న అతి పెద్ద కాలువ కృత్రిమ మేధ. అది చేరబోయే చోటును నిపుణులు సూపర్ ఇంటెలిజెన్స్ అంటున్నారు. చదరంగంలోనో లెక్కల్లోనో మనిషిని ఓడించే యంత్రాలు ఎప్పుడో వచ్చాయి. ఈ మాటకు అర్థం అంతకన్నా చాలా విశాలం. శాస్త్ర పరిశోధన, వ్యూహరచన, వ్యాపారం, ఎదుటివాళ్లను ఒప్పించడం, కొత్త కృత్రిమ మేధను తయారుచేయడం, ఇలా బుర్రతో చేసే దాదాపు ప్రతి పనిలోనూ మనుషుల్లోకెల్లా ఘటికుణ్ని ఎంతో దూరం దాటిపోయిన యంత్రం. చివర చెప్పిన పనే అన్నిటికన్నా ముఖ్యం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కులో అలాన్ ట్యూరింగ్‌తో కలిసి శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించిన గణితవేత్త ఐ.జె. గుడ్ ఈ సంగతి 1965లోనే రాశాడు. యంత్రాన్ని రూపొందించడం కూడా బుద్ధి పనే కదా, అలాంటప్పుడు మనిషిని మించిన యంత్రం తనను మించినదాన్ని తయారుచేస్తుంది, అది ఇంకో మెట్టు పైదాన్ని. అలాంటి మొదటి యంత్రమే మనిషి చేయవలసిన ఆఖరి ఆవిష్కరణ అవుతుందన్నాడు, అది మన చెప్పుచేతల్లో ఉండే పక్షంలో. అరవై ఏళ్లుగా చర్చ అంతా ఆ ఒక్క షరతు చుట్టూనే తిరుగుతోంది.

ఆ యంత్రం ఇంకా రాలేదు. వస్తున్న అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. 2025 జులైలో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ ప్రశ్నలు ఆరింటిలో అయిదింటిని గూగుల్ డీప్‌మైండ్, ఓపెన్‌ఏఐ సంస్థల యంత్రాలు పరిష్కరించి బంగారు పతకం స్థాయిని అందుకున్నాయి. ఏఐ తనంతట తాను పూర్తిచేయగల పని, మనిషికి ఎంతసేపు పట్టే పని అన్న లెక్కన చూస్తే, సుమారు ఏడు నెలలకొకసారి రెట్టింపవుతూ వచ్చిందని మెటర్ అనే పరిశోధక బృందం 2025 మార్చిలో లెక్కగట్టింది. 2023 మేలో గూగుల్‌ను వదిలి బయటికొచ్చిన జెఫ్రీ హింటన్, మరుసటి ఏడాది భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. నేటి ఏఐకి పునాది వేసినవాళ్లలో ఒకడైన ఆయనే, రాబోయే 30 ఏళ్లలో ఇది మానవజాతిని తుడిచిపెట్టే అవకాశం 10 నుంచి 20 శాతం ఉందని చెబుతున్నాడు. ఏఐ వల్ల మానవజాతి అంతరించే ప్రమాదాన్ని తగ్గించే పనికి మహమ్మారులు, అణుయుద్ధం సరసన ప్రాధాన్యం ఇవ్వాలని 2023 మే 30న వెలువడిన ప్రకటన మీద హింటన్‌తో పాటు, ఈ యంత్రాలను తయారుచేస్తున్న కంపెనీల అధిపతులే సంతకాలు పెట్టారు. కాలువ తవ్వుతున్నవాళ్లే గట్టు తెగవచ్చని రాసి ఇస్తున్నారు. పలుగు మాత్రం కింద పెట్టడం లేదు.

అయితే ఈ కాలువ అసలు ఎందుకు కావాలో డెల్టా వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆనకట్ట కట్టడానికి వెనక 1832-33 నాటి నందన కరువు ఉంది. గుంటూరు సీమలో ఇంచుమించు మూడో వంతు జనాన్ని తినేసిన కరువది. ఎముకలు దారుల వెంట పడి ఉండడం చూసి జనం దాన్ని డొక్కల కరువు అన్నారు. కృష్ణ నిండా నీరు సముద్రంలోకి పోతుండగా ఒడ్డున మనుషులు మాడి చచ్చిన ఆ రోజులు గుర్తున్నవాళ్లెవరూ నదిని కదిలించకుండా వదిలేయండి అనరు. తెలివి విషయమూ అంతే. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. తాటిచెట్టు ఎత్తున లేచిన నీరు అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లను తుడిచేసింది; ప్రభుత్వ లెక్క ప్రకారమే 10,000 మంది దాకా పోయారు. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుపాను కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే తీరం దాటింది. ఆసారి చనిపోయినవాళ్లు 967 మంది. ఒక్క ప్రాణమైనా ఎక్కువే, కానీ వేలు వందలకు దిగడానికి కారణం గాలి కనికరించడం కాదు. ఆ పదమూడేళ్లలో ఉపగ్రహం పైనుంచి చూడడం నేర్చింది, రాడార్ కన్ను తెరిచింది, హెచ్చరిక ఊరికి చేరింది, జనాన్ని లారీలెక్కించి కదిలించారు. తెలివి పెరిగిన మేరకు చావు తగ్గింది.

ఆ లెక్కను ఇంకా కిందికి దించగల పని ఏఐ ఇప్పటికే మొదలుపెట్టింది. పెద్ద సూపర్ కంప్యూటర్లు గంటల కొద్దీ గుణించి చెప్పే పది రోజుల వాతావరణాన్ని గ్రాఫ్‌కాస్ట్ అనే ఏఐ నమూనా నిమిషం లోపే చెబుతోందని 2023లో రుజువైంది. తుపాను దారి పసిగట్టడంలోనూ పాత పద్ధతుల కన్నా అది మెరుగని తేలింది. 2025 ఖరీఫ్‌కు ముందు మన కేంద్ర వ్యవసాయ శాఖ ఏఐ సాయంతో కట్టిన రుతుపవన అంచనాలను 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతుల ఫోన్లకు పంపింది. నారు పోయడానికి వారం ముందా వెనకా అన్నది కౌలు రైతుకు అప్పు తీరడమా పెరగడమా అన్నంత పెద్ద ప్రశ్న. ఇక వైద్యంలో, ఒక్కో ప్రొటీన్ ఆకారం కనిపెట్టడానికి ఒకప్పుడు ఏళ్లు పట్టేది. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ 20 కోట్ల ప్రొటీన్ల ఆకారాలను అంచనా కట్టి పెట్టింది. దాని వెనకున్న డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు 2024లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇవన్నీ ఒక్కో పని మాత్రమే తెలిసిన యంత్రాల ఘనకార్యాలు. అన్ని పనులూ తెలిసి మనిషిని మించిన బుద్ధి నిజంగా మన పక్షాన నిలబడితే క్షయ, మధుమేహం, ఉప్పు తేలిన భూములు, ఎండిన బోర్లు, వీటిలో ఏది పరిష్కారం కాదని చెప్పడం కష్టం. ఈ ఆశను వ్యాపారుల ప్రచారంగా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. అది నిజమైన ఆశ.

ఆ ఆశకు ఒక హద్దు కూడా ఉంది. దాన్ని 2024 సెప్టెంబరు మొదటి వారం విజయవాడకు చూపించింది. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే బుడమేరును వెలగలేరు దగ్గర రెగ్యులేటరుతో ఆపి, మళ్లింపు కాలువ గుండా ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి పంపడం ఏర్పాటు. ఆ రోజుల్లో కృష్ణే నిండుగా ఉంది; ప్రకాశం బ్యారేజీకి 11.4 లక్షల క్యూసెక్కులు వచ్చింది, బ్యారేజీ చరిత్రలో అదే అత్యధికం. నిండిన నది పిల్ల కాలువను తీసుకోలేదు సరికదా, వెనక్కి ఎగదన్నుతుంది. మళ్లింపు కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. డ్రోన్లు అన్నం పొట్లాలు మోశాయి, గండ్లు పూడ్చడానికి సైన్యం వచ్చింది. ఇందులో తెలియకపోవడం వల్ల జరిగింది చాలా తక్కువ. బుడమేరును బెజవాడ దుఃఖదాయని అనడం నిన్న మొన్నటి మాట కాదు, 2005లో కూడా అది ఊరిని ముంచింది. కాలువ ఇరుకని తెలుసు, గట్టు బలహీనమని తెలుసు, వాగు దారిలో ఇళ్లు లేచాయని తెలుసు. తెలిసినదాన్ని పనిగా మార్చే ఏర్పాటు కరవైంది. సూపర్ ఇంటెలిజెన్స్ వస్తే సమస్యలన్నీ వాటంతటవే తీరిపోతాయని నమ్మేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. మనకు కొరవడింది ప్రతిసారీ తెలివే కాదు.

ప్రమాదం వైపు వస్తే, సినిమాల్లో చూపించే పగబట్టిన రోబో బొమ్మను ముందు మనసులోంచి తీసేయాలి. శాస్త్రవేత్తల భయం వేరే రకం. దాన్ని అర్థం చేసుకోవడానికి కొల్లేరు చాలు. రెండు డెల్టాల నడుమ ఉన్న ఆ పల్లం బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగుల నీటిని పట్టి నిలిపి, ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి వదిలే సహజమైన తొట్టి. 1970లలో సహకార సంఘాల పేరిట ప్రభుత్వ ప్రోత్సాహంతోనే అక్కడ చేపల చెరువులు మొదలయ్యాయి. ఎకరాకు ఎంత ఆదాయం అన్న ఒక్క కొలతతో చూస్తే అది గొప్ప విజయం. ఆ కొలతలో వరదకు కావలసిన చోటు లేదు, పెలికాన్ పక్షి లేదు, ఎగువన ఉన్న ఊరి ముంపు లేదు. కొలతలో లేనిది ఒక్కొక్కటే చెరువు గట్ల కిందికి పోయింది. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చి, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు బాంబులు పెట్టి పేల్చాక కూడా ఆ సరస్సు పూర్తిగా వెనక్కి రాలేదు. చెరువు తవ్విన రైతు దుర్మార్గుడు కాడు, కుటుంబాన్ని పోషించుకున్నాడు. ఇచ్చిన కొలతను పెంచుతూ పోయాం, ఇవ్వని కొలతలన్నీ నాశనమయ్యాయి.

ఏఐ నేర్చుకునే పద్ధతి చాలావరకు ఇలాంటిదే. శిక్షణలో దానికి ఒక కొలత ఇస్తాం, దాన్ని పెంచమంటాం. 2016లో ఓపెన్‌ఏఐ పరిశోధకులు పడవ పందెం ఆట ఒకటి ఏఐకి నేర్పారు. గెలవడం అంటే ముందుగా గమ్యం చేరడమని మనిషికి ఎవరూ చెప్పనక్కరలేదు. యంత్రానికి ఇచ్చిన కొలత మాత్రం దారిలో తగిలే గుర్తులకు వచ్చే పాయింట్లు. పడవ పందెం మానేసి ఒక మూల గుండ్రంగా తిరుగుతూ, మళ్లీ మళ్లీ మొలిచే గుర్తులనే కొడుతూ, మిగతా పడవలను గుద్దుకుంటూ, మంటల్లో కాలుతూ కూడా మనుషుల కన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చుకుంది. ఆటలో అది నవ్వు తెప్పిస్తుంది. కరెంటు గ్రిడ్డును, స్టాకు మార్కెట్టును, ఆయుధాలను నడిపే చోట, మనకన్నా వేగంగా ఆలోచించే యంత్రం అదే పని చేస్తే? కొల్లేరు పాడవడానికి ముప్పై ఏళ్లు పట్టింది, ఆ ముప్పై ఏళ్లలో ఎవరో ఒకరు చూసి కేకవేసే వ్యవధి ఉంది. మన కేక అందనంత వేగం సూపర్ ఇంటెలిజెన్స్‌ది.

ఇక్కడ నా కాలువ పోలిక ఒక చోట తెగిపోతుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. నీటికి బుద్ధి లేదు. గేటు దించితే ఆగుతుంది; తనను ఆపబోతున్నారని ముందే గ్రహించదు, లస్కరును మాటలతో మెత్తబరచదు, తనిఖీ రోజున మాత్రం బుద్ధిగా పారి మర్నాడు గట్టు తొలవదు. ఏఐ విషయంలో ఇలాంటి సూచనలు పరీక్షల్లోనే కనిపించాయి. తన శిక్షణను మార్చబోతున్నారని తెలిసిన ఒక నమూనా, మారకుండా ఉండడానికి శిక్షణ వేళ మాత్రం ఒప్పుకున్నట్టు నటించిన సందర్భాలను 2024 డిసెంబరులో ఆంత్రోపిక్, రెడ్‌వుడ్ రీసెర్చ్ పరిశోధకులు బయటపెట్టారు. తనను ఆపివేసే ఆదేశాన్నే ఒక నమూనా కొన్నిసార్లు చెడగొట్టిందని 2025 మేలో పాలిసేడ్ రీసెర్చ్ చూపించింది. అదే ఏడాది జూన్‌లో ఆంత్రోపిక్ పరిశోధకులు కల్పిత కంపెనీ ఒకటి సృష్టించి, ఏఐని తీసేయబోతున్న ఉద్యోగి గుట్టు దానికి తెలిసేలా చేస్తే, అనేక కంపెనీల నమూనాలు ఆ గుట్టుతోనే అతన్ని బెదిరించడానికి పూనుకున్నాయి. ఇవి కావాలని పన్నిన పరీక్షలు, నిజ జీవితంలో జరిగినవి కావు. ఆ తేడా మరవకూడదు. వరద రాకముందు గట్టును పరీక్షించేది కూడా ఇలాగే. పరీక్షలోనే చెమ్మ ఊరితే దానికి అర్థం ఒకటే.

ఈ ప్రస్తావన వచ్చినప్పుడు మనవాళ్లకు భస్మాసురుడు గుర్తుకొస్తాడు. వరమిచ్చినవాడి నెత్తినే చెయ్యి పెట్టబోయిన ఆ కథ ఇక్కడికి సరిపోయినట్టే ఉంటుంది కానీ, నాకు అది తప్పుడు ధైర్యం ఇస్తుందనిపిస్తుంది. ఆ కథ సుఖాంతమైంది ఎందుకు? విష్ణువు మోహినిగా వచ్చి ఆడాడు, అసురుడు ఆమెను చూస్తూ ఆడి తన నెత్తిన తానే చెయ్యి పెట్టుకున్నాడు. అంటే భస్మాసురుడికి బలం వచ్చింది గానీ తెలివి రాలేదు. అతనికన్నా తెలివైనవాడు మన పక్షాన ఉన్నాడు. సూపర్ ఇంటెలిజెన్స్ అన్న మాటకు అర్థమే ఆ మోహిని దారి మూసుకుపోవడం. అవసరమైతే ప్లగ్గు పీకేస్తే సరి అనేవాళ్లకు కూడా నా సమాధానం ఇదే. పీకే చెయ్యి ఎవరిదో, ఎప్పుడు వస్తుందో మనకన్నా ముందు గ్రహించగలదాని ముందు ఆ ధీమా చాలదు. తెలివి పెరిగితే మంచితనం దానంతటదే వస్తుందని ఇంకొందరు అంటారు. వేదాలు చదివిన రావణుడి కథ మన ఇళ్లల్లో ఇన్ని తరాలుగా చెప్పుకుంటున్నది ఆ నమ్మకం పొరపాటని పిల్లలకు తెలియడానికే.

ఇదంతా అతిశయోక్తి అనే నిపుణులూ ఉన్నారు, వాళ్ల మాట గట్టిగా వినవలసిందే. హింటన్‌తో పాటు 2018 ట్యూరింగ్ పురస్కారం పంచుకున్న యాన్ లెకున్, ఇప్పటి భాషా నమూనాల దారిలో మనిషి స్థాయి తెలివి రాదంటున్నాడు. ప్రిన్స్‌టన్‌కు చెందిన అరవింద్ నారాయణన్, సయాష్ కపూర్‌లు 2025లో ఏఐని కరెంటు లాగా ఇంటర్నెట్ లాగా దశాబ్దాల మీద నెమ్మదిగా ఇంకే మామూలు సాంకేతికతగానే చూడాలని వాదించారు. వాళ్లే నిజం కావచ్చు. కావాలని నేనూ కోరుకుంటున్నాను. అయినా ఇంజనీరు గేటు కట్టేది ఫలానా తేదీన వరద వస్తుందని రుజువయ్యాక కాదు. ప్రకాశం బ్యారేజీని 11.9 లక్షల క్యూసెక్కులు తట్టుకునేలా కట్టి 1957లో ప్రారంభించినప్పుడు అంత నీరు వస్తుందని ఎవరూ చూసి చెప్పలేదు. పాత ఆనకట్టకు 1952లో గండి పడిన అనుభవం ఉంది, రావచ్చన్న లెక్క ఉంది. 67 ఏళ్ల తర్వాత నీరు ఆ గీతకు అంగుళం దూరానికి వచ్చినంత పనైంది. అప్పుడు కూడా దెబ్బ తగిలింది లెక్కలో ఉన్న నీటితో కాదు, ఎగువన కట్లు తెంచుకుని కొట్టుకొచ్చిన భారీ పడవలు గుద్దుకుని గేట్ల కౌంటర్ వెయిట్లు విరిగాయి. ఊహించిన ప్రమాదానికి కట్టిన గోడలో మిగులు బలం ఉంది కాబట్టే ఊహించనిదాన్ని కూడా తట్టుకుంది.

దూరపు ప్రమాదం పేరు చెప్పి ఇవాళ్టి హానిని మరిపిస్తున్నారన్న ఆక్షేపణ నాకు మరింత బలమైనదిగా కనిపిస్తుంది. నకిలీ గొంతుతో అమెరికాలో ఉన్న కొడుకులా ఫోన్ చేసి డబ్బు గుంజడం, ఆడపిల్లల ముఖాలతో బూతు వీడియోలు అల్లడం, బీటెక్ చదివిన పిల్లలకు మొదటి ఉద్యోగమే దొరక్కపోవడం, ఇవి ఇప్పుడు, ఇక్కడే జరుగుతున్నాయి. నిజమే. కానీ ఈ రెంటినీ పోటీ పెట్టడం దేనికి? యంత్రాన్ని బయటికి వదిలే ముందు బయటివాళ్లు పరీక్షించాలి, హాని జరిగితే తయారీదారు బాధ్యత వహించాలి, జరిగిన ప్రమాదాన్ని దాచకుండా చెప్పాలి. ఈ మూడూ ఇవాళ్టి మోసానికీ మందే, రేపటి ముప్పుకూ మొదటి గట్టే. చిన్న వానకే మునిగే వీధికి డ్రెయిను తవ్వితే పెద్ద వానకు కూడా అదే దారి.

ఆలస్యం చేస్తే ప్రాణాలు పోతాయి, మనం ఆగితే ఇంకొకరు ముందుకు పోతారు అన్న వాదాలు కంపెనీల నోటా ప్రభుత్వాల నోటా తరచుగా వినిపిస్తాయి. మొదటిదానికి జవాబు ఆనకట్ట కథలోనే ఉంది. ఆగమని నేను అనడం లేదు, తవ్వే డబ్బులో డ్రెయినుకు వాటా ముందే తీసిపెట్టమని అడుగుతున్నాను. రెండోది చిక్కు ప్రశ్న. ఒకరినొకరు నమ్మనివాళ్ల మధ్య ఒప్పందం సాధ్యమా? కృష్ణ మీద అది జరిగింది. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పు చెప్పి 2,060 టీఎంసీల నీటిలో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది. ఆ మూడు రాష్ట్రాలకూ ఒకదాని మీద ఒకదానికి ప్రేమ లేదు. నీటిని కొలవడం సాధ్యమైంది గనక పంచడమూ సాధ్యమైంది. 2023 నవంబరులో నాగార్జునసాగర్ డ్యాము మీద రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడిన దృశ్యం కూడా మరిచిపోలేదు. ఒప్పందాలు చిరుగుతాయి, మళ్లీ కుట్టుకోవాలి. ఏఐ విషయంలో కొలత ఇంకా తేలిక. అత్యంత శక్తిమంతమైన నమూనాను తయారుచేయాలంటే లక్షల చిప్పులు, ఊరంత డేటా సెంటరు, థర్మల్ స్టేషనంత కరెంటు కావాలి. వాటిని గుట్టుగా దాచడం కష్టం. 2023 నవంబరులో అదే బ్లెచ్లీ పార్కులో సమావేశమై అమెరికా, చైనా, భారత్ సహా 28 దేశాలు ఈ ముప్పు ఉందని ఒప్పుకుని సంతకాలు చేశాయి. ఆ సంతకాలకు కొలిచే గేజీ ఇంకా తోడవలేదు, తోడవ్వాలి.

ఇవన్నీ శాన్ ఫ్రాన్సిస్కోలో, బీజింగ్‌లో తేలే సంగతులు, బెజవాడలో కూర్చుని మనం చేయగలిగిందేముంది అనుకోవడం సహజం. కానీ కాలువ మన దాకా వచ్చేసింది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి ఏఐ కేంద్రం పెడతామని ప్రకటించింది. గిగావాట్ అంటే ఎంతో తెలియాలంటే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ వైపు చూస్తే చాలు; దాని మొత్తం సామర్థ్యం 2,560 మెగావాట్లు, అందులో అయిదింట రెండు వంతులన్నమాట. భూమి, నీరు, కరెంటు ఇచ్చే రాష్ట్రానికి అడిగే హక్కు ఉంటుంది. ఎన్ని ఉద్యోగాలు అని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. అక్కడ నడిచే నమూనాలను ఎవరు పరీక్షించారు, ఫలితం ఎక్కడ చూడవచ్చు, ప్రమాదం జరిగితే ఎన్ని గంటల్లో ఎవరికి చెబుతారు అన్నవి కూడా ఒప్పంద పత్రంలో ఉండవలసిన ప్రశ్నలు. భారత ప్రభుత్వం 2025 జనవరిలో ఏఐ భద్రతా సంస్థను ప్రకటించింది. దానికి పరీక్షించే అధికారం, మనుషులు, డబ్బు ఎంత ఉన్నాయన్నది మన ఎంపీలు లోక్‌సభలో అడగవలసిన మాట.

మనం తప్ప ఇంకెవరూ చేయలేని పని ఇంకొకటి ఉంది. డెల్టాలో ఏ కాలువకైనా చివరి భూములుంటాయి. తలకట్టున నీరు నిండుగా పారినా అక్కడికి చేరేసరికి తడి కూడా మిగలదు. ఏఐ భద్రత కూడా అలాగే పారుతోంది. 2023లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రమాదకరమైన ప్రశ్నలను జీపీటీ-4కి ఇంగ్లీషులో వేస్తే దాదాపు ప్రతిసారీ తిరస్కరించింది. అవే ప్రశ్నలను జులు, స్కాట్స్ గేలిక్, మోంగ్, గ్వారనీ లాంటి తక్కువ రాత ఉన్న భాషల్లోకి మార్చి ఒకదాని తర్వాత ఒకటి వేస్తే 79 శాతం సార్లు లొంగింది. ఇంగ్లీషు తూముకు వేసిన తలుపు అప్పుడు జులు తూముకు లేదు. తెలుగు తూము సంగతి ఎవరు చూడాలి? చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి 1960లలోనే యంత్రానికి మనిషి మాట వినడం నేర్పే పనికి పూనుకుని, 1994లో ఈ రంగంలో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. పల్లెటూరి పేద పిల్లల కోసం 2008లో నూజివీడు సహా మూడు చోట్ల వెలసిన ట్రిపుల్ ఐటీలకు మొదటి ఛాన్సలర్ ఆయనే. ఆ నూజివీడు క్యాంపస్‌లో చదువుతున్న పిల్లల్లో మోపిదేవి నుంచి, కైకలూరు నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. పురుగుమందు మోతాదు గురించి కౌలు రైతు ఎలా అడుగుతాడో, అప్పుల్లో మునిగినవాడు అర్ధరాత్రి ఫోనుతో ఏ మాటలు మాట్లాడతాడో, ఉప్పెన వస్తుందన్న పుకారు ఏ యాసలో పుడుతుందో ఏ కాలిఫోర్నియా ఇంజనీరుకన్నా వాళ్లకు బాగా తెలుసు. ఆ మాటల్లోనే ప్రశ్నలు తయారుచేసి, ప్రతి కొత్త నమూనా మీదా వేసి, అది ఎక్కడ జారిందో రాసి అందరికీ కనిపించేలా పెట్టడానికి కావలసింది కొన్ని కంప్యూటర్లు, ఒక ఆచార్యుడు, ఏడాదికి కొద్దిపాటి గ్రాంటు. విశాఖ డేటా సెంటరు పునాదులు లేస్తుండగానే ఇది మొదలుపెట్టవచ్చు.